కోటిలో మూడు లేదు

కోటి అనే సంఖ్యకు మా ఊళ్ళో ఉన్నంత మర్యాద నేను ఇంకే సంఖ్యకూ చూడలేదు. లెక్కల మాస్టారుగా ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి కనుక చెబుతున్నాను, అది చాలా పేద సంఖ్య. విప్పి చూడండి. రెండుని ఏడుసార్లు, ఐదుని ఏడుసార్లు హెచ్చవేస్తే వచ్చేదే కోటి. లోపల ఇంకేమీ లేదు. మూడు లేదు, ఏడు లేదు, పదకొండు లేదు. ఒకటి ముందు నడుస్తుంటే వెనకాల ఏడు సున్నాలు ఊరేగింపుగా వస్తాయి. దూరంనుంచి చూసేవాళ్ళు నోరు తెరుస్తారు. మా చుట్టుపక్కల రొయ్యల చెరువుల పుణ్యమా అని నిన్నా మొన్నా లేచిన పెద్దమనుషుల్ని చూస్తే నాకు ఎప్పుడూ ఈ సంఖ్యే గుర్తొస్తుంది.

అలాంటి పెద్దమనుషుల్లో ఒకాయన మా అమ్మవారి గుడి కమిటీకి ప్రెసిడెంటు. రొయ్యల మేత డీలరు. మా తాతగారి బియ్యం మిల్లు ఉన్న స్థలంలో ఇప్పుడు ఆయన ఫంక్షన్ హాలు ఉంది. గుడి ముఖమండపం మా ముత్తాత కట్టించినది. ఆ సంగతి చెప్పే రాతిపలక ఇప్పటికీ గోడలోనే ఉంది, కాకపోతే దానిమీద ప్రెసిడెంటు గారు మెరిసే టైల్సు అంటించారు. టైల్సు కిందైనా రాయి రాయే.

ఒక వేసవిలో ఆయన పెనుగొండ వెళ్ళి, అక్కడ కోటి కుంకుమార్చన చూసి వచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయనకు కాలు నిలవలేదు. లలితా సహస్రనామంలో వెయ్యి నామాలు. నామానికో చిటికెడు కుంకుమ. ఒక పారాయణ అయితే వెయ్యి, పదివేల పారాయణలైతే కోటి. శ్రావణమాసమంతా నూట ఎనిమిది మంది ముత్తయిదువలు మన గుళ్ళో కూర్చుని చేస్తారు, ఎవరికీ ఎక్కువ లేదు, ఎవరికీ తక్కువ లేదు, అందరికీ సమానం అని ఊరంతా బ్యానర్లు కట్టించాడు. ఆ 'సమానం' అనే మాట పెద్ద అక్షరాల్లో వేయించాడు. అంతకు ముందు ఏడాది ఇంకేదో పూజలో నేనెక్కువ చేశానంటే నేనెక్కువ చేశానని ఇద్దరు ఆడవాళ్ళు గుళ్ళోనే తగువు పడ్డారట. ఆయనగారి సమానత్వం ఏ సిద్ధాంతం నుంచీ పుట్టలేదు, ఆ తగువులోంచి పుట్టింది.

మా గుళ్ళో ఒక పద్ధతి ఉండేది. పెద్ద అర్చన ఏది తలపెట్టినా పూజారి గారు ముందుగా మా ఇంటికి వచ్చి, తాంబూలం ఇచ్చి, ఇంటి ఇల్లాలిని పిలిచేవారు. ఆ తరవాతే మిగతా ఇళ్ళు. మా నాయనమ్మను అలా పిలిచారు, మా అమ్మను పిలిచారు, నా భార్యనూ చాలా ఏళ్ళు పిలిచారు. ఈసారి తాంబూలం రాలేదు. గేటు ఊచల్లో ఒక కరపత్రం దూర్చి వెళ్ళారు. దానితోపాటే గ్యాస్ స్టవ్వులు బాగుచేసేవాడి కరపత్రం కూడా.

నా భార్యకు ఆ వెయ్యి నామాలు నోటికి వచ్చు. పొద్దున్న పాలు పొంగేలోపు ఎన్నో నామం దాకా వెళ్తుందో ఆమెకు తెలుసు. అప్పటికే మోకాళ్ళు అరిగాయి. వచ్చే ఏటికి కింద కూర్చోవడం మానుకోవాల్సిందేనని డాక్టరు చెప్పాడు. కనుక ఆ మండపంలో, అందరితో కలిసి, పీట మీద కూర్చుని అర్చన చేసుకోవడానికి ఆమెకు మిగిలింది ఆ ఒక్క శ్రావణమే. పేరిచ్చి రమ్మని నన్ను అడిగింది. పిలవని చోటికి మన ఇంటి ఆడవాళ్ళు వెళ్ళరన్నాను.

"పిలవకపోయినా వెళ్ళేది గుడికేగా."

"గుడికైతే వెళ్ళు. పేరు ఇవ్వాల్సింది కమిటీకి."

ఆ తరవాత కొన్నాళ్ళు మా మధ్య మాటలన్నీ కాఫీ, కరెంటు బిల్లు, గేటు వేశారా అనేవాటితో సరిపోయాయి. పీటలన్నీ నిండిపోయాయని వీధిలో ఎవరో చెబితే విని, ఆమె లోపలికి వెళ్ళి కూర తరుక్కుంది. నేను పేపరు చదువుకున్నాను. అడగడానికి వెళ్ళకూడదన్న నా నిర్ణయంలో తప్పు ఉందని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

శ్రావణం వచ్చింది. మొదటిరోజు నూట ఎనిమిది మందీ ఒకే రంగు చీరల్లో కూర్చుని, చేతిలో అక్షతలూ నీళ్ళూ పట్టుకుని, తలా తొంభై రెండు పారాయణలు చేస్తామని సంకల్పం చెప్పుకున్నారు. మర్నాడు పొద్దున్నే ముగ్గురు మా ఇంటి మెట్లెక్కారు. ప్రెసిడెంటు, ఆయన అల్లుడు, పూజారి గారు. అల్లుడిది హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం, ఆ నెలంతా మామగారింట్లోంచే పనిచేస్తున్నాడు. ప్రెసిడెంటు మా అరుగు ఎక్కడం అదే మొదటిసారి. వాళ్ళ నాన్న మాత్రం చాలాసార్లు వచ్చేవాడు, మిల్లులో బస్తాలు కుట్టేవాడు.

"మాస్టారూ, లెక్కలో చిన్న తేడా వచ్చిందండి," అన్నాడు కుర్చీలో సర్దుకుంటూ.

తేడా ఏమిటో పూజారి గారు చెప్పారు. ఆయనకు ఎందుకో అనుమానం వచ్చి తొంభై రెండుని నూట ఎనిమిదితో హెచ్చవేశారట. పదివేలు రాలేదు. తొమ్మిది వేల తొమ్మిది వందల ముప్పై ఆరు వచ్చింది. తొంభై రెండు అని ఎవరు చెప్పారని అడిగాను. అల్లుడు చెయ్యెత్తాడు, క్లాసులో ఎత్తినట్టు. తను ఎక్సెల్లో వేస్తే తొంభై రెండు పాయింట్ ఐదు తొమ్మిది వచ్చిందట, పాయింటు తరవాతది తీసేశాడట.

"ఎందుకు తీసేశావు?"

"లేడీస్ కదా సార్. ఎక్కువైతే ఇబ్బంది పడతారని."

ఈ దేశంలో లెక్క తప్పు చేసినవాడు దాన్ని దయ అని చెప్పుకోవడం నేను చాలా జవాబు పత్రాల్లో చూశాను. మార్కులు ఎప్పుడూ వెయ్యలేదు.

తలా తొంభై మూడు చేయిస్తే సరి కదా అంటే, పూజారి గారు ఒప్పుకోలేదు. నీళ్ళు వదిలి చెప్పిన సంఖ్య మధ్యలో మార్చడానికి లేదు. పైగా తొంభై మూడైతే కోటి దాటిపోతుంది, సంకల్పం కోటికే. అప్పుడు ప్రెసిడెంటు నా వైపు తిరిగి, ఎలాగోలా సమానంగా సరిపెట్టండి మాస్టారూ, మీరు లెక్కల్లో గట్టివారు కదండి అన్నాడు. ఆయన దృష్టిలో లెక్క అంటే పంచాయితీ. రెండు వైపులా నచ్చజెబితే ఒక చోటికి వస్తుంది.

నేను వీలైనంత నెమ్మదిగా చెప్పాను. నూట ఎనిమిదిని విప్పితే మూడు, మూడు, మూడు, రెండు, రెండు. మూడు మూడుసార్లు ఉంది. కోటిలో ఒక్కసారి కూడా లేదు. కోటి అంకెలు కలిపి చూడండి, ఒకటి వస్తుంది. అందుకే దాన్ని తొమ్మిదిమందికి పంచితే ఎప్పుడూ ఒకటి మిగులుతుంది. నూట ఎనిమిది మందికి సమానంగా పంచడం అమ్మవారి వల్ల కూడా కాదు.

ఆయన ఆలోచించాడు. ఆలోచిస్తున్నట్టు కనిపించాడు.

"పోనీ పది కోట్లు చేస్తేనో?"

పూజారి గారు కండువాతో మొహం తుడుచుకున్నారు.

"మీరు ఎన్ని సున్నాలైనా చేర్చండి. సున్నాతో పాటు ఒక రెండూ ఒక ఐదూ వస్తాయి. మూడు రాదు. అది డబ్బుతో వచ్చేది కాదు, పుట్టుకతో ఉండాలి," అన్నాను.

ఆ మాట ఆయనకు ఎంతవరకు వెళ్ళిందో తెలియదు. అల్లుడు ఈలోగా ఫోన్లో కోటిని నూట ఎనిమిదితో భాగించి, తెర నాకు చూపించాడు. తొంభై రెండు వేల ఐదు వందల తొంభై రెండు, పాయింటు తరవాత మళ్ళీ ఐదు తొమ్మిది రెండు, మళ్ళీ ఐదు తొమ్మిది రెండు. ఆగట్లేదు సార్, ఫోనులో ఏదో ప్రాబ్లం ఉన్నట్టుందన్నాడు. ఇంజనీరింగు చదివిన కుర్రవాడు. ఫోను బాగానే ఉందని, ఆ భాగహారం ఎంతదూరం వెళ్ళినా ఆ మూడంకెలే తిరుగుతాయని, దానికి చివర లేదని చెప్పాను. అప్పుడు ప్రెసిడెంటుకు ఒక ఉపాయం తోచింది. అయితే తలా తొంభై రెండు పారాయణలూ, ఆపైన ఐదు వందల తొంభై రెండు నామాలూ, ఆపైన ఉన్న ముక్క కూడా చదివించేస్తే సమానమే కదండి అన్నాడు.

"ఆపైన ఉన్న ముక్క అంటే ఒక నామంలో సగం కన్నా కాస్త ఎక్కువ. అమ్మవారిని సగం పేరు పెట్టి పిలిచి ఆపేస్తారా? మిమ్మల్ని వీధిలో ఎవరైనా సగం పేరుతో పిలిస్తే పలుకుతారా మీరు?"

కరపత్రం వెయ్యకముందు అడిగి ఉంటే దారి ఉండేదని కూడా చెప్పాను. నూరు మందిని కూర్చోబెడితే తలా నూరు పారాయణలు. నూట ఇరవై ఐదు మందిని కూర్చోబెడితే తలా ఎనభై. గీత గీసినట్టు వచ్చేది. ఆయన మొహం చిట్లించాడు. నూట ఇరవై ఐదేం బాగుంటుందండి, ఆ నంబరు ఎవరికి తెలుసు అన్నాడు. తెలిసిన నంబర్లే మంచి నంబర్లు. తెలిసిన మనుషులే గొప్ప మనుషులు. ఆ కమిటీకి ఆయన ఎందుకు ప్రెసిడెంటు అయ్యాడో నాకు అప్పుడు పూర్తిగా బోధపడింది.

ఇక మిగిలింది ఒకటే మార్గం. అరవై నాలుగు పారాయణలు తక్కువ. వాటిని బయటివాళ్ళు ఒకరు, వేరే సంకల్పంతో చెయ్యాలి. పుస్తకం చూసి కూడబలుక్కుంటూ చదివేవాళ్ళకు అయ్యే పని కాదు. పూజారి గారు తల దించుకునే, అమ్మగారైతే చెయ్యగలరు అన్నారు. ప్రెసిడెంటు అందుకున్నాడు.

"అదేనండి నేనూ చెబుదామనుకున్నది. ఆ మిగిలినవి అమ్మగారు చేసేస్తే సరిపోద్దండి. స్తంభం పక్కన చోటు చూపిస్తాం. పేరు మాత్రం బ్యానర్ మీద వెయ్యలేమండి, ప్రింటైపోయింది."

నేను లేచి నిలబడ్డాను.

"మిగిలినవి పెట్టడం ఈ ఇంటికి అలవాటే ప్రెసిడెంటు గారూ. తినడం మాత్రం అలవాటు లేదు."

ప్రెసిడెంటు వాళ్ళ నాన్న మధ్యాహ్నం పూట మా మిల్లు వసారాలో ఆకు వేసుకుని భోజనానికి కూర్చోవడం నాకు గుర్తుంది, ఆయనకూ గుర్తుంది. అల్లుడికి తెలియదు కనుక వాడొక్కడే ఫోను చూసుకుంటున్నాడు.

అప్పుడు లోపల్నుంచి నా భార్య కాఫీ గ్లాసులు పట్టుకుని వచ్చింది. నా వైపు చూడలేదు. పూజారి గారితో మాట్లాడింది.

"రేపు పొద్దున్న నాకు సంకల్పం చెప్పించండి. నేనొస్తాను."

"అలాగే తల్లీ," అన్నారాయన.

వాళ్ళు వెళ్ళాక నేను చెప్పాల్సింది చెప్పాను. స్తంభం చాటున, పేరు లేకుండా, ఎవడో తప్పు చేస్తే దాన్ని పూడ్చడానికి మా ఇంటి మనిషి కూర్చోవడమేమిటని. ఆమె ఖాళీ గ్లాసులు తీస్తూ విన్నది.

"ఆ చోటు ఎవరిచ్చారో నాకెందుకండీ. ఆ అరవై నాలుగూ లేకపోతే అది కోటి కాదు. ఇంతసేపూ మీరు వాళ్ళకి చెప్పింది అదేగా?"

లెక్క ప్రకారం ఆమె మాట సరైనది.

ఆ నెలంతా నేను ఆమెతో గుడికి వెళ్ళాను. మండపం మెట్టు మీద కూర్చునేవాణ్ణి. ఒక్కో పారాయణ అయ్యాక ఆమె ఒక పసుపుకొమ్ము పక్కన పెట్టేది, నేను చూసుకునేవాణ్ణి. మిగతా నూట ఎనిమిది మంది చేసింది కూడా చూశాను. ఒకావిడ రెండు వందల నామాల దగ్గర ఫోను ఎత్తి, కోడలితో కబుర్లు ముగించి, మిగతావాళ్ళు నాలుగు వందలు దాటిన చోట హాయిగా కలిసిపోయింది. ఇంకొకావిడ నామానికి కుంకుమ వెయ్యడం మాని, పదింటికి ఒకసారి గుప్పెడు పోసేది. ప్రెసిడెంటు గారి భార్య మొదటి వరసలో, పెద్ద పీట మీద. సమానం అంటే అదే. వాళ్ళు నిజంగా ఎన్ని చేశారో నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. చెప్పిన సంఖ్యను చేసినట్టే రాసుకుంటే తప్ప మా ఊళ్ళో ఏ లెక్కా తేలదు.

ఆఖరి రోజుకు ముందు రోజు ఎవరో పెద్ద నాయకుడి భార్య వచ్చింది. ఆవిడకు సోఫా వెయ్యాలి. సోఫాకు చోటు స్తంభం దగ్గరే ఉంది. కమిటీవాళ్ళు వచ్చి, ఈరోజుకి లేవండి అమ్మగారూ అన్నారు. నా భార్య స్తంభం పట్టుకుని, ఒక కాలు, తరవాత ఇంకో కాలు కూడదీసుకుని లేచింది. నేను మెట్టు మీదనుంచి లేవబోతే కళ్ళతోనే వద్దంది. ఆ రోజు చెయ్యాల్సిన రెండూ మర్నాటికి పడ్డాయి. వచ్చిన ఆవిడ సోఫాలో కూర్చుని, రెండు ఫోటోలు దిగి, కొబ్బరినీళ్ళు తాగి వెళ్ళిపోయింది.

ఆఖరి రోజు అందరివీ పొద్దెక్కేలోపే అయిపోయాయి. నా భార్యకు ఇంకా రెండు ఉన్నాయి. ప్రెసిడెంటు మైకు తీసుకుని, అమ్మవారి దయవల్ల మన ఊళ్ళో కోటి పూర్తయిందండి అని చెప్పాడు. బాజాలు మొదలయ్యాయి. నేను మెట్లెక్కి ఆయన దగ్గరికి వెళ్ళాను. అంతమందిలో నేను ఆ మండపంలోకి నడవడం చాలామంది చూశారు, కొందరు పక్కకు తప్పుకున్నారు కూడా, పాత అలవాటు.

"ఇంకా రెండున్నాయి," అన్నాను.

ఆయన మైకు మీద అరచెయ్యి పెట్టి నవ్వాడు. "రెండంటే రెండువేల నామాలేగా మాస్టారూ. కోటిలో రెండువేలెంతండి?"

"ఒక్కటి తక్కువైనా దాని పేరు కోటి కాదు."

"జనం ఆకలి మీదున్నారండి," అన్నాడు, అదేదో కొత్త గణితసూత్రమైనట్టు. హారతి ఇచ్చేశారు. పళ్ళాల్లో కుంకుమంతా ఒకచోట కుప్పపోసి, కమిటీవాళ్ళు పొట్లాలు కట్టడం మొదలుపెట్టారు. జనమంతా భోజనాలకు ఫంక్షన్ హాలుకు వెళ్ళారు. మా మిల్లులో ఒకప్పుడు ధాన్యం ఎండబోసిన చోట పులిహోర, గారెలు తింటూ కోటి గురించి మాట్లాడుకున్నారు.

నా భార్య లేవలేదు. బాజాలు మోగుతున్నప్పుడు ఆపలేదు, కుర్చీలు ఈడుస్తున్నప్పుడు ఆపలేదు. అందరూ వెళ్ళిపోయాక, ఆ నెలలో మొదటిసారి, ఆమె గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. తొందర లేదు. ప్రతి నామానికీ వేళ్ళు పళ్ళెం దాకా వెళ్ళి వస్తున్నాయి. నేను మెట్టు మీద కాక ఆమెకు ఎదురుగా, నేల మీద కూర్చున్నాను. కాసేపటికి పూజారి గారు భోజనం మధ్యలోనే చెయ్యి కడుక్కుని వచ్చి, గర్భగుడి తలుపు మళ్ళీ తెరిచారు. ఆఖరి నామం అయ్యాక ఆయన ఒక్కరే గంట కొట్టి, ఆమె ఒక్కదానికే హారతి ఇచ్చారు. కోటి పూర్తయింది అప్పుడు. అక్కడున్నది ముగ్గురం.

ఆమెను లేపడానికి నేనూ పూజారి గారూ చెరో చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఇక కింద కూర్చోవడం ఉండదని ముగ్గురికీ తెలిసింది. ఆమె మాత్రం నొప్పి అనలేదు. ఆమె పళ్ళెంలో ఉన్న ఆ రెండు పారాయణల కుంకుమ కూడా కుప్పలో కలపాలని పూజారి గారు పొట్లాలు కట్టేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళారు. పొట్లాలన్నీ పిన్ను కొట్టేశామండి, ఇంటికి పట్టుకెళ్ళమనండి అన్నారు. ఆమె దాన్ని కాగితంలో కట్టుకుంది.

సాయంత్రం మా వాటా పొట్లం కూడా గేటు ఊచల్లోనే వచ్చింది. పైన అమ్మవారి బొమ్మ, పక్కనే అంతకన్నా పెద్దగా ప్రెసిడెంటు ఫోటో, కోటి కుంకుమార్చన ప్రసాదం అని అచ్చు. అది కోటి కాదని, తొంభై తొమ్మిది లక్షల తొంభై ఎనిమిది వేలని, అబద్ధాన్ని ఇంట్లో పెట్టుకోవద్దని నా భార్యతో అన్నాను. ఆమె కుర్చీలో కూర్చుని భరిణె మూత తీసింది. ఆ పొట్లం చించి అందులో పోసింది. తను కట్టుకొచ్చింది విప్పి దానిమీద పోసింది. ఉంగరం వేలితో రెండూ కలియబెట్టింది.

"ఇప్పుడు సరిపోయిందా?" అని అడిగింది. మా పెళ్ళయ్యాక ఆమె నన్ను అడిగిన మొదటి లెక్క అది.

మళ్ళీ ఒకసారి మనసులో కూడి చూసుకున్నాను. సరిపోయిందన్నాను. ఫోటో ఉన్న ఆ కాగితం మాత్రం నేనే తీసుకెళ్ళి వీధి చివర చెత్తకుప్పలో పడేసి వచ్చాను.